తాళం తీసేవాడికి దారి చూపేదెవరు?

డైరెక్టరీకి డబ్బు కట్టి పేరు పైకి తెచ్చుకుంటే తాళాల పనివాడికి గిట్టుబాటవుతుందా? లెక్క వేద్దామని కూర్చుంటే ఒక అమెరికా కోర్టు తీర్పు చేతికొచ్చింది. లెక్క తీరే మారిపోయింది.

2019 జూన్ 7న వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఒక తీర్పు చెప్పింది. కేసు వేసినవాళ్లు పద్నాలుగు తాళాల కంపెనీలవాళ్లు. ఎదుటిపక్షం గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ. తీర్పు రాసింది అప్పటి చీఫ్ జడ్జి మెరిక్ గార్లండ్. తరవాత 2021లో ఆయనే అమెరికా అటార్నీ జనరల్ అయ్యారు. తాళాలవాళ్ల ఫిర్యాదు క్లుప్తంగా ఇదీ: ‘మీ సెర్చ్ ఫలితాలను దొంగ తాళాలవాళ్ల పేర్లతో నింపేస్తున్నారు. ఆ గుంపులో మేం కనబడాలంటే మీకే డబ్బు కట్టి ప్రకటన కొనుక్కోవాల్సి వస్తోంది. మోసగాళ్లు పెరిగేకొద్దీ మీ రాబడి పెరుగుతోంది.’

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారిచ్చిన ప్రశ్న ఇంత పెద్దది కాదు. మన ఊళ్లో డూప్లికేట్ తాళాలు చేసేవాళ్లు జస్ట్ డయల్ లాంటి డైరెక్టరీలకు డబ్బు కట్టడం లాభమా, నష్టమా? శుక్రవారం సాయంత్రానికి కాపీ ఇచ్చెయ్యాలి. ఖర్చెంత, రాబడెంత అని రెండు గళ్ల పట్టిక గీస్తే తేలిపోవాల్సిన విషయం. కానీ ఈ తీర్పు చదివాక ఆ పట్టికలో మూడో గడి కూడా ఉండాలనిపించింది. నమ్మకానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

ముందే చెప్పేస్తాను, నేను తాళాల పనివాళ్ల పక్షం. కోఠిలోనో సికింద్రాబాద్‌లోనో రోడ్డు వారన ఒక డబ్బా, దానికి వేలాడే తాళంచెవుల గుత్తులు, ఒక పట్టకారు, నాలుగు ఆకురాళ్లు. దుకాణమంటే అంతే. పాత చెవి లేకుండా కొత్తది చెయ్యమన్నప్పుడు చూడాలి ఆ పనితనం. గాట్లు పడని చెవికి దీపం సెగ మీద మసి పట్టిస్తాడు. తాళంలో దూర్చి, కాస్త బిగబట్టి తిప్పుతాడు. బయటికి తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటాడు. లోపలి పిన్నులు తగిలినచోట మసి చెరిగి సన్నటి మెరుపు కనబడుతుంది. సరిగ్గా అక్కడ ఆకురాయితో రెండు దెబ్బలు. మళ్లీ మసి, మళ్లీ తిప్పడం, మళ్లీ రాయడం. తాళం తెరుచుకునేదాకా అదే వరస. కంటికి కనబడని కొలతను వేళ్లతో పట్టుకునే విద్య ఇది. దేశంలో చాలాచోట్ల సిక్లిగర్ సిక్కుల కుటుంబాలు తరతరాలుగా దీన్ని నమ్ముకునే బతుకుతున్నాయి. చేతిలో ఇంత విద్య ఉన్న మనిషి, తన పేరు నాలుగో పేజీలోంచి మొదటి పేజీకి రావడానికి ఏటా ఎంత కట్టాలన్నది నాకు చిన్న విషయంగా కనబడలేదు.

ఒక్కసారే ఫోన్ చేసే కస్టమర్

కిరాణా కొట్టుకు రోజూ వెళ్తాం. టైలర్‌ని ఏళ్ల తరబడి మార్చం. తాళాల పనివాడిని మాత్రం ఏ నాలుగైదేళ్లకో ఒకసారి పిలుస్తాం, అదీ కంగారులో. పసిపిల్లాడు లోపల, తల్లి బయట, మధ్యలో పడిపోయిన గడియ. ఆ సమయంలో ఎవరూ నలుగురిని వాకబు చెయ్యరు, బేరమాడరు. మొదట కనబడ్డ నంబరుకే ఫోన్ చేస్తారు. పని కాగానే ఆ నంబరు మర్చిపోతారు.

అందుకే ఈ వృత్తిలో మొదటి వరసకున్న విలువ మరే వృత్తిలోనూ లేదు. అమెరికాలో ఫోన్ డైరెక్టరీలు అచ్చులో ఉన్న రోజుల్లో పేరు ముందు మూడు నాలుగు ‘ఏ’ అక్షరాలు తగిలించుకున్న తాళాల కంపెనీలు కోకొల్లలు. అక్షరక్రమంలో అందరికన్నా ముందు రావడమే దాని పరమార్థం. ఇప్పుడు అక్షరాల చోట రూపాయలు వచ్చాయి.

ఇంకో చిక్కుంది. తాళం తీసే నేర్పూ దొంగకుండే నేర్పూ ఒకటే. అర్ధరాత్రి మన గుమ్మం ముందు నిలబడ్డవాడు పని తెలిసినవాడా, కేవలం డ్రిల్లింగ్ మెషీన్ ఉన్నవాడా అన్నది మనకు తెలియదు. కొనేవాడికి సరుకు నాణ్యత తెలియని చోట మధ్యవర్తి మాటకు బలమెక్కువ. డైరెక్టరీ వరసలో మొదటి పేరును జనం సిఫార్సుగానే తీసుకుంటారు. నిజానికి అది ఎవరో అద్దె కట్టి తీసుకున్న చోటు.

మ్యాప్ మీద ఉంది, ఊళ్లో లేదు

అమెరికాలో ఈ బలహీనత మీద ఒక వ్యాపారమే పుట్టుకొచ్చింది. ఎక్కడో ఒక కాల్ సెంటర్. దానికి వందల పేర్లు, వందల లోకల్ నంబర్లు. ఫోన్‌లో పదిహేను, ఇరవై డాలర్లే అంటారు. వచ్చిన మనిషి తాళాన్ని చూసి ఇది మామూలుది కాదంటాడు, డ్రిల్ చేసి పాడుచేస్తాడు, కొత్త తాళం బిగించి వందల డాలర్లు వసూలు చేస్తాడు. 2016 జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో డేవిడ్ సెగల్ ఈ దందా మీద పెద్ద కథనమే రాశారు. అంతకు చాలా ముందు నుంచే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వినియోగదారులను హెచ్చరిస్తూ వచ్చింది.

మొదట వర్జీనియాకు చెందిన ఒక తాళాల కంపెనీ గూగుల్ మీద కోర్టుకెక్కింది. 2015లో ఆ కేసు వీగిపోయింది. ఆ తరవాత వచ్చిందే ఈ పద్నాలుగు కంపెనీల కేసు. ఈ దశలో కోర్టు సాక్ష్యాలు తూచదు. ఫిర్యాదులో రాసిందంతా నిజమే అనుకుని, అయినా చట్టం ఒప్పుకుంటుందా లేదా అనే చూస్తుంది. తాళాలవాళ్ల వాదనలో పదునంతా మ్యాప్ దగ్గర ఉంది. మోసగాడు ఒక దొంగ అడ్రసు ఇస్తాడు. కొన్నిసార్లు అడ్రసే ఉండదు, ఏ ప్రాంతంవాడో చెప్పీచెప్పని ఆనవాలు మాత్రం ఉంటుంది. సెర్చ్ కంపెనీ దాన్ని తీసుకుని మ్యాప్ మీద ఒక బిందువు పెడుతుంది. ఆ బిందువును చూసిన మనిషికి అక్కడో దుకాణం ఉందనే అర్థమవుతుంది. ‘దొంగ చెప్పిన అబద్ధం ఒకటి. దానికి మీరు చేర్చిన నిజం రంగు ఇంకొకటి. రెండోదానికి మీరే బాధ్యులు’ అన్నది తాళాలవాళ్ల వాదన.

కోర్టు ఒప్పుకోలేదు. ఎదుటివాడు ఇచ్చిన సమాచారాన్ని మంచివాడికీ చెడ్డవాడికీ ఒకే పద్ధతిలో మ్యాప్ మీదికి మార్చినంత మాత్రాన సెర్చ్ కంపెనీ ఆ సమాచారానికి కర్త కాదంది. ఇతరులు పెట్టిన సమాచారానికి వెబ్‌సైట్లను బాధ్యుల్ని చెయ్యకూడదనే 1996 నాటి చట్టం, అందరూ సెక్షన్ 230 అని పిలిచేది, ఇక్కడా వర్తిస్తుందని తేల్చింది. కింది కోర్టు కేసు కొట్టేయడం సబబేనంది.

న్యాయశాస్త్రం సంగతి న్యాయవాదులకు వదిలేద్దాం. తాళాల పనివాడి వైపు నుంచి చూస్తే ఈ తీర్పు సారాంశం ఒక్కటే: జాబితాలో దొంగలున్నా జాబితా నడిపేవాడికి చట్టపరంగా నష్టం లేదు. నష్టమంతా ఆ దొంగల పక్కన నిలబడాల్సివచ్చిన నిజాయతీపరుడిది. లైసెన్సు ఫీజు, బీమా, దుకాణం అద్దె కట్టేవాడు, ఇవేవీ కట్టనివాడితో ప్రకటన వేలంలో పోటీపడాలి. ఖర్చు తక్కువ, దోపిడీ ఎక్కువ ఉన్నవాడే ఆ వేలంలో ఎక్కువ పాడగలడు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 2025 మార్చిలో గూగులే కోర్టుకెళ్లింది. తన మ్యాప్స్‌లో పదివేలకు పైగా దొంగ లిస్టింగులు బయటపడ్డాయంటూ, వాటి వెనక ఉన్నారంటున్నవాళ్ల మీద దావా వేసింది. తీగ దొరికింది టెక్సాస్‌లో. లైసెన్సు లేని తాళాలవాడొకడు తమ పేరు పెట్టుకుని తిరుగుతున్నాడని అక్కడి వ్యాపారి ఒకరు ఫిర్యాదు చేశారు. డాలస్, హ్యూస్టన్‌లలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఈ సంగతి ఓసారి ఫోన్‌లో వాళ్ల చెవిన వెయ్యడం మంచిది. టెక్సాస్‌లో తాళాల పనికి రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ లైసెన్సు తప్పనిసరి. వచ్చినవాడిని అడిగి చూడొచ్చు.

మన ఊరి లెక్క

హైదరాబాద్‌లో, విజయవాడలో తాళాల పనికి అలాంటి లైసెన్సు పద్ధతి లేదు. షట్టర్ల మీద అంటించిన స్టిక్కర్లు, కరెంటు స్తంభాల మీద రాసిన నంబర్లు, వాచ్‌మన్ ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు, ఇవే మన అసలు డైరెక్టరీలు. వాటి పైన జస్ట్ డయల్, సులేఖ, గూగుల్ మ్యాప్స్ వచ్చాయి.

జస్ట్ డయల్‌లో పేరు నమోదుకు డబ్బు అక్కర్లేదు. పైవరసలో కనబడాలంటే కట్టాలి. 2024 నాటికి ఆ కంపెనీ చెప్పిన లెక్కల్లో లిస్టింగులు నాలుగు కోట్ల పైచిలుకు, డబ్బు కట్టి నడిపే ప్రచారాలు ఆరు లక్షల లోపు. జాబితాలో ఉన్నవాళ్లలో అత్యధికులు పైసా కట్టనివాళ్లేనని దీన్నిబట్టే తెలుస్తోంది.

కట్టినవాడికి ఏం మిగులుతుందో ఊహకు ఒక లెక్క వేద్దాం. ఏడాదికి 12,000 రూపాయలు కట్టాడనుకుందాం. అంటే నెలకు వెయ్యి. నెలకు ఇరవై ఫోన్లు వచ్చాయనుకుందాం. సగంమంది ధర అడిగి పెట్టేస్తారు. మిగిలిన పదిమందిలో ఆరుగురు ఇంకెవరినో పిలిచేస్తారు, ఎందుకంటే చాలా డైరెక్టరీల్లో ఒకే విచారణ ఇద్దరు ముగ్గురు పనివాళ్లకు వెళ్తుంది. ముందు చేరినవాడిదే పని. నాలుగు పనులు దొరికి, పెట్రోలు పోగా ఒక్కోదానికి 300 మిగిలితే నెలకు 1,200. వెయ్యి తీసేస్తే చేతికొచ్చేది రెండొందలు. వచ్చే ఏడు చందా కాస్త పెరిగితే అదీ ఉండదు.

అదే మనిషి కారు తాళాల మెషీన్ కొని, చిప్ ఉన్న చెవులకు ప్రోగ్రామింగ్ చెయ్యగలిగితే లెక్క తిరగబడుతుంది. ఒక్క పనికి వేలల్లో వస్తుంది. నెలకు ఒక్కటి తగిలినా చందా పోను మిగులుతుంది. కాబట్టి ప్రశ్న ‘డైరెక్టరీ మంచిదా’ అని కాదు, ‘ఒక్కో పనికి నీకెంత మిగులుతుంది’ అని. యాభై, వంద రూపాయల డూప్లికేట్ చెవులు చేసేవాడికి డబ్బు కట్టే డైరెక్టరీ దండగ. అతని గిరాకీ నాలుగు వీధుల్లోనే ఉంటుంది, దానికి స్టిక్కరు చాలు. రాత్రిపూట తలుపులు, కార్లు, లాకర్లు చేసేవాడికి, కొత్తగా ఊళ్లోకొచ్చి ఎవరికీ తెలియనివాడికి మొదటి ఏడాది కట్టడం తప్పు కాదు. ఏడాదిలో వచ్చిన కస్టమర్ల నంబర్లు, దగ్గరి అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ల నంబర్లు చేతిలో ఉండాలి. అలా లేకుండా రెండో ఏడు కూడా కట్టాల్సి వస్తే, ఆ చందా అలవాటు కింద జమ.

చరిత్ర, గబగబా

1878లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో ఒకే అట్టముక్క మీద మొదటి టెలిఫోన్ జాబితా అచ్చయింది. 1886లో షికాగోలో రూబెన్ డానెలీ వ్యాపారాలకు విడిగా డైరెక్టరీ తెచ్చాడు, ఎల్లో పేజెస్ వ్యాపారం అక్కడి నుంచి పెరిగింది. మన దగ్గర 1996లో వీఎస్ఎస్ మణి ముంబయిలో జస్ట్ డయల్ పెట్టారు, 2013లో అది షేర్ మార్కెట్‌కెక్కింది, 2021లో రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్లింది. 2015లో గూగుల్ శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఇంటి పనులవాళ్లకు కొత్త తరహా ప్రకటనలు మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలోనే తాళాలవాళ్లు, ప్లంబర్లు ఉన్నారు. ఈ వృత్తి ఎంత విలువైన గిరాకీయో కంపెనీలకు బాగా తెలుసు.

బాక్స్: చందా కట్టే ముందు అడగాల్సినవి

• నాకు పంపే ఫోను నాకొక్కడికేనా, ఇంకెంతమందికి పంపుతారు?
• ఏ ప్రాంతాల్లో చూపిస్తారు? ఎల్బీ నగర్‌లో ఉన్నవాడికి పటాన్‌చెరు ఫోన్ దేనికీ పనికిరాదు.
• తప్పు నంబర్లకు, వేరే పని అడిగేవాళ్లకు డబ్బు వెనక్కిస్తారా?
• మధ్యలో మానేస్తే? బ్యాంకు ఖాతాలోంచి తనంతట తాను కోత పడే ఏర్పాటు ఉందా?
• ప్రతినిధి నోటితో చెప్పినవన్నీ కాగితం మీద ఉన్నాయా?
కట్టాక ఒక నోటుబుక్ పెట్టి ప్రతి ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో, పని అయ్యిందో లేదో, ఎంత మిగిలిందో రాసుకోవాలి.

బాక్స్: మీరు తలుపు బయట ఉంటే

• మొత్తం ఎంతవుతుందో ఫోన్‌లోనే అడగండి. మరీ తక్కువ చెబితే అనుమానించండి.
• చూడగానే డ్రిల్ తీసేవాడిని ఆపండి. పని తెలిసినవాడు మామూలు ఇంటి తాళాన్ని చాలావరకు పాడుచెయ్యకుండానే తీస్తాడు.
• ఆ ఇల్లు మీదేనని రుజువు అడిగితే నొచ్చుకోకండి. అడిగేవాడే నమ్మదగినవాడు.
• మంచివాడు దొరికితే నంబరు దాచుకోండి, మ్యాప్‌లో రెండు మాటలు రాయండి. అతనికి అది చందాకన్నా విలువైనది.

తేల్చి చెప్పాలంటే

డైరెక్టరీలు ఇప్పుడు అమ్ముతున్నది స్థానం. తాళాల పనివాడికీ, అతన్ని పిలిచేవాడికీ కావాల్సింది తనిఖీ. మనిషి ఎవరు, అడ్రసు నిజమేనా, పోలీసు వెరిఫికేషన్ అయ్యిందా, ఇవి చూసి ఒక గుర్తు ఇస్తే దానికి డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు, కట్టడంలో నష్టమూ లేదు. ఎవరు కట్టినా పైకి తెచ్చే జాబితాలో మాత్రం నిజాయతీపరుడు తన డబ్బుతో తన పక్కవాడి మోసానికి మర్యాద తెచ్చిపెడుతున్నాడు. అమెరికాలో ఆ పద్నాలుగు కంపెనీలు ఓడిపోయింది చట్టం దగ్గర మాత్రమే, వాళ్లడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. మన దగ్గర లైసెన్సు పద్ధతి లేదు కాబట్టి ఆ తనిఖీని డైరెక్టరీలే మొదలుపెట్టాలి. తాళాల పనివాళ్లు ఒక్కొక్కరుగా కాక ఊరికో సంఘంగా వెళ్లి అడగాలి. అది వచ్చేదాకా నా సలహా ఇదీ: ఉచిత లిస్టింగ్ పెట్టుకోండి, ఫోటో పెట్టండి, నిజమైన అడ్రసు ఇవ్వండి. చందా అడిగేవాడిని ముందు ఒకటే అడగండి, ‘నా పైనున్న పేరును మీరు ఎప్పుడైనా వెళ్లి చూశారా?’ చూశామని రుజువు చూపిస్తే కట్టండి. లేకపోతే ఆ డబ్బుతో ఇంకో మంచి మెషీన్ కొనుక్కోండి.