పిల్లికి మనుషుల జ్వరపు బిళ్ల ప్రాణాంతకము

ధాన్యపు గాదెలను ఎలుకల బారినుండి కాపాడు పిల్లి రైతు ఇంట జీతము లేని కావలిదారు. అది తిండి మాని మూలన ముడుచుకొన్నచో, ఒళ్లు వేడిగా నున్నదని తలచి, ఇంటనున్న పారాసిటమాల్ బిళ్లను పాలలో కలిపి పోయువారు కలరు. ఇది చాల ప్రమాదము.

పిల్లి ఒంటి వేడి సహజముగనే మనకంటె ఎక్కువ. ఆరోగ్యముగ నున్న పిల్లికి సుమారు 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉండును. కావున చేతితో తాకి జ్వరమని నిర్ణయింపరాదు.

పారాసిటమాలును హానిలేకుండ విరిచి బయటకు పంపు శక్తి మన కాలేయమునకు కలదు. పిల్లి కాలేయమునకు చాలినంత లేదు. అందువలన ఆ మందు విషముగ మారి, రక్తము ప్రాణవాయువును మోయలేకుండ చేయును. 500 మిల్లీగ్రాముల బిళ్లలో సగమైనను పెద్ద పిల్లిని చంపగలదు.

గుర్తులు: కొద్ది గంటలలోనే చిగుళ్లు గోధుమ రంగుకో, నీలి రంగుకో తిరుగును. ముఖము, పాదములు వాచును. పిల్లి రొప్పును. మూత్రము ముదురు రంగున పోవును.

చికిత్స: గుర్తులు కనబడువరకు ఆగక, వెంటనే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. ఏ బిళ్ల, ఎంత, ఎప్పుడు ఇచ్చినదీ దాచక చెప్పి, బిళ్లల అట్టను చూపవలెను. దీనికి విరుగుడుగా ఎసిటైల్ సిస్టీన్ అను మందు కలదు. అది ఎంత త్వరగా పడినచో బ్రతుకు ఆశ అంత ఎక్కువ. ఉప్పునీరు పోసి వాంతి చేయింపరాదు.

తిండి మానుట ఒక రోగము కాదు, అనేక రోగముల గుర్తు. కారణము వైద్యుడు తేల్చిన పిదపనే మందు.