వర్లి పగడాలు, ఉప్పునీటి తొట్టి – నీటిలోని దోషాలను సవరించే విధానం

మిల్లు పనులకై వెళ్లి వర్లి చాళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు స్వగ్రామాలతో రాకపోకలు నేటికీ తెగిపోలేదు. ఆ వర్లి తీరపు రాళ్లపై పగడపు జీవులున్నాయన్న సంగతి మాత్రం చాలామందికి కోస్తా రహదారి నిర్మాణ కాలంలోనే తెలిసింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ మార్గదర్శకత్వంలో 2020లో వర్లి, హాజీ అలీల వద్దనున్న 18 పగడపు సమూహాలను వేరొక చోటికి తరలించారు. రాతిలా కనిపించినా పగడం ప్రాణి. దాని బ్రతుకంతా నీటి గుణంపైనే ఆధారపడి ఉంటుంది.

నగరంలో ఇళ్లలోనూ, దుకాణాలలోనూ గాజుతొట్టెలలో ఉప్పునీటిని నిలిపి సముద్రజీవులను పెంచుతున్నారు. వాటి సంరక్షణ పనికి కుదిరిన మన యువకులు ముందుగా తెలుసుకోవలసినది ఉప్పు లెక్క. నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. కనుక తగ్గిన మేరకు శుద్ధిచేసిన మంచినీటినే పోయాలి, ఉప్పునీటిని కాదు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం ఉండాలి. ఇందుకు వంట ఉప్పు చాలదు, సముద్రలవణ మిశ్రమమే కావాలి. వర్లి ఒడ్డు నీటిని బిందెతో తెచ్చి పోయడం మరీ ప్రమాదం. నగరపు మురుగునీటి గొట్టం ఒకటి ఆ సముద్రంలోకే వెళ్తుంది. వానాకాలంలో ఒడ్డు నీటిలో ఉప్పు కూడా పలచబడుతుంది.

అసలు చిక్కు క్షారతతో వస్తుంది. చేపల మలినాన్ని సూక్ష్మజీవులు మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. అది క్షారతను క్రమంగా తినివేస్తుంది. పగడాలు కూడా తమ సున్నపు గూడు కట్టుకోవడానికి క్షారతనూ, కాల్షియాన్నీ గుంజుకుంటాయి. క్షారత 8 నుంచి 11 డి.కె.హెచ్., కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉండటం మేలు. 100 లీటర్ల నీటిలో 3 గ్రాముల తినేసోడా కరిగిస్తే క్షారత ఇంచుమించు 1 డి.కె.హెచ్. పెరుగుతుంది. రోజుకు అంతకు మించి పెంచరాదు.

కంగారుపడి సోడానూ, కాల్షియం క్లోరైడునూ ఒకేసారి పోసేవారున్నారు. అప్పుడు నీరు పాలవలె తెల్లబడుతుంది. పల్లెలో చవుడు బావి నీరు కాచిన గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర వంటిదే అది. పోసిన మందు సున్నమై అడుగున పడిపోతుంది, జీవులకు అందదు. రెంటికీ నడుమ కొన్ని గంటల ఎడం ఉంచాలి. ఎంత పోసినా ఈ రెండూ నిలవకపోతే మెగ్నీషియం తగ్గిందేమో చూడాలి. అది లీటరుకు 1300 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉండాలి.

ఒక్కగది ఇళ్లలో మరో తిరకాసు ఉంది. తలుపులు మూసి పదిమంది నిద్రించే గదిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, తెల్లవారేసరికి నీటి పి.హెచ్. పడిపోతుంది. దీనికి మందు వేయనక్కరలేదు, కిటికీ తెరిస్తే చాలు. కొలత చూడకుండా సీసా ఎత్తే అలవాటే తొట్టెలను ఎక్కువగా చంపుతుంది.

మరొక మాట. గట్టి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఒడ్డున దొరికిందని ఏరి తెచ్చినా, రహస్యంగా కొన్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష పడవచ్చు. పని ఇచ్చిన యజమాని తెమ్మన్నా తేరాదు. చట్టసమ్మతమైన చేపలతోనే తొట్టి పెట్టుకోవచ్చు; ఉప్పు లెక్కా, సోడా లెక్కా దానికీ ఇవే.