భాగస్వామి ఎంపికే తొలి పెట్టుబడి
ఆన్‌లైన్ నిర్మాణ టెండర్ల వ్యాపారం: ఒక క్షేత్రాధికారి అనుభవం

రుణం కోరి బ్యాంకుకు వచ్చే యువకులలో అధిక సంఖ్యాకులు వేసే మొదటి ప్రశ్న "ఎంత ఇస్తారు?" అన్నది. గోదావరి డెల్టాలోని మా శాఖకు వచ్చిన ఒక యువకుడు మాత్రం వేరొక కోరిక కోరాడు. "నాకొక భాగస్వామి కావాలి సార్. మీ ఖాతాదారులలో డబ్బున్న వారెవరైనా ఉంటే చెప్పండి" అన్నాడు.

ఖాతాదారుల వివరాలు మరొకరికి వెల్లడించడం బ్యాంకు ధర్మం కాదు. ఆ మాటే అతనికి చెప్పాను. అయితే అతని ఆలోచన నన్ను ఆకర్షించింది. సొంత ఇల్లు కట్టుకొనదలచినవారు తమ ప్లానును అతని ఆన్‌లైన్ వేదికపై ఉంచుతారు. చుట్టుపక్కల మండలాల మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్లు తమ ఫోన్ల ద్వారానే ధర పలుకుతారు. పని కుదిరితే అతనికి కొంత రుసుము లభిస్తుంది. కంప్యూటరు విద్య అతని చేతిలో ఉన్నది. లేనిది ధనమేనని అతని భావన. నిజానికి లేనిది మరొకటి.

టెండరు పెట్టె నుంచి కంప్యూటరు దాకా

ఈ విధానం మన ప్రాంతానికి కొత్తది కాదు. పూర్వం ప్రభుత్వ పనులకు టెండరు షెడ్యూలు కొనుక్కొని, నింపి, కార్యాలయంలోని పెట్టెలో వేయవలసి వచ్చేది. కాంట్రాక్టర్లు రింగు కట్టడం, పోటీదారులను పెట్టె దరిదాపులకు రానీయకపోవడం అందరూ ఎరిగినవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లో ఇ-ప్రొక్యూర్‌మెంట్ వేదికను ప్రారంభించి ఈ పరిస్థితిని మార్చడానికి పూనుకొన్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి అప్పటికే చట్టబద్ధత కల్పించింది. ఆన్‌లైన్‌లో దాఖలైన ధర నిర్ణీత సమయం వరకు ఎవరికీ కనిపించదు. ఈ గోప్యతయే ఆ విధానానికి ప్రాణం.

ప్రభుత్వ టెండరుకు మరొక బలం ఉన్నది. ఇంజనీరు తయారుచేసిన అంచనా ప్రకారం, ఒకే పరిమాణాల జాబితాపై అందరూ ధర పలుకుతారు. ధరావతు చెల్లిస్తారు. పల్లెలో ఇల్లు కట్టుకొనే రైతుకు ఇటువంటి రక్షణలేవీ లేవు. "అడుగుకు ఎంత?" అన్నదొక్కటే అతనికి తెలిసిన లెక్క.

తక్కువ ధర వెనుక

యువకుడు ప్రయోగాత్మకంగా వేయి చదరపు అడుగుల ఇంటికి, సామగ్రితో సహా, మూడు ధరలు రప్పించాడు. అడుగుకు 1,900, 1,850, 1,600 రూపాయలు వచ్చాయి. చివరి ధరకు ఒప్పుకొంటే యజమానికి రెండున్నర లక్షలు మిగులుతాయని సంతోషించాడు.

ఆ కాగితాలను ముప్పై ఏళ్ల అనుభవం గల ఒక మేస్త్రీ గారికి చూపించమని సలహా ఇచ్చాను. ఆయన మా శాఖలోనే కూర్చొని వాటిని చదివారు. "బాబూ, ఇందులో బేస్‌మెంటులో మట్టి నింపి దిమ్మిస కొట్టే పని ఎక్కడుంది? సెప్టిక్ ట్యాంకు ఏదీ? పిట్టగోడ ఏదీ? లోపలి గోడలు తొమ్మిదంగుళాలా, నాలుగున్నరా?" అని అడిగారు. విడిచిపెట్టిన పనులన్నీ కలిపి లెక్క వేయగా ఆ రెండున్నర లక్షల తేడాలో మిగిలింది స్వల్పమే. ఇల్లు సగంలో ఉండగా "అది మా లెక్కలో లేదండి" అన్న మాట యజమాని చెవిన పడి ఉండేది.

తనకు కావలసిన భాగస్వామి డబ్బున్నవాడు కాడని, పని ఎరిగినవాడని యువకునికి ఆ రోజు బోధపడింది. మేస్త్రీ గారినే అడిగాడు.

మేస్త్రీ గారి సంకోచం

ఆయన వెంటనే అంగీకరించలేదు. కారణం న్యాయమైనదే. ఆయన జీవనాధారం కాంట్రాక్టులు. వేదికకు భాగస్వామి అయినవాడు అదే వేదికపై తానూ ధర పలికితే, ఇతరుల ధరలు చూసే పలికాడని లోకం అనుకొంటుంది. ఒక్కసారి ఆ అపవాదు వస్తే మరే మేస్త్రీ అక్కడ ధర పలుకడు. కనుక ఆయన గాని, ఆయన కుమారుడు గాని ఆ వేదిక ద్వారా పనులు తీసుకొనరాదు. తండ్రీకొడుకుల ఆదాయం దాదాపు అంతా చుట్టుపక్కల గ్రామాల నుంచే వస్తున్నది.

రెండు వారాల తరువాత ఆయన వచ్చి, "పేరు పోయాక పని ఉండి ఏం లాభమండి? రాసుకొందాం. కాని నాకు నెలకింతని జీతం కూడా రాయాలి" అన్నారు. ఆ కోరిక ఎంతో వివేకమైనది. 1932 భారత భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో ప్రత్యేకంగా పేర్కొననిదే, వ్యాపారం నిర్వహించినందుకు భాగస్వామికి జీతం కోరే హక్కు లేదు.

ఒప్పంద పత్రంలో ఉండవలసినవి

నోటిమాటపై నడిచే భాగస్వామ్యాలు సరుకు వ్యాపారంలో ఎన్నో ఉన్నాయి. నమ్మకమే సరుకైన ఈ వ్యాపారానికి వ్రాతపూర్వకమైన ఒప్పందం అత్యవసరం. ఔత్సాహికులు ఈ క్రింది అంశాలు గమనించాలి.

1. లాభనష్టాల వాటాలు. పత్రంలో వ్రాయకపోతే చట్టం ఇద్దరికీ సమాన వాటాలే నిర్ణయిస్తుంది. మూలధనం ఎవరు ఎంత పెట్టారన్నది చూడదు.

2. బాధ్యత. సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామి ఇతరులతో కలిసీ, విడిగానూ బాధ్యుడే. సొంత ఆస్తికి కూడా ఈ బాధ్యత వర్తిస్తుంది. దీనికి జంకేవారు 2008 చట్టం క్రింద పరిమిత బాధ్యతా భాగస్వామ్యాన్ని పరిశీలించవచ్చు. అయితే దానికి ఏటా వివరాలు దాఖలు చేయాలి.

3. రిజిస్ట్రేషన్. చట్టం దీనిని నిర్బంధం చేయలేదు. కాని 69వ సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం వల్ల రావలసిన బాకీల కోసం ఇతరులపై దావా వేయజాలదు. రుసుము ఎగవేసిన కాంట్రాక్టరు ముందు చేతులు ముడుచుకొని నిలబడవలసి వస్తుంది.

4. ఖాతా. ఖాతా సంస్థ పేరనే ఉండాలి. ఒక భాగస్వామి తన సొంత పేరుతో నడిపిన ఖాతా ఎన్నో స్నేహాలను చెడగొట్టింది.

5. విరమణ, మరణం. ఒప్పందం లేనిచో భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. వాటా లెక్క ఎట్లా తేల్చాలో ముందే వ్రాసుకోవాలి.

పరుల సొమ్ము

యువకుని ప్రణాళికలో మరొక అంశానికి నేను అభ్యంతరం చెప్పాను. యజమాని మొత్తం సొమ్మును వేదిక ఖాతాలో జమచేస్తే, పునాది, స్లాబు, ప్లాస్టరింగు దశలవారీగా కాంట్రాక్టరుకు విడుదల చేస్తానన్నాడు. ఉద్దేశం మంచిదే. కాని ఇతరుల చెల్లింపులను వసూలు చేసి అందించే సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020లో ప్రత్యేక మార్గదర్శకాలు జారీ చేసింది. చిన్న సంస్థ ఆ భారం తలకెత్తుకొనరాదు. యజమాని నేరుగా కాంట్రాక్టరుకే చెల్లించాలి. దశ పూర్తయినదని మేస్త్రీ గారు కొలిచి ధ్రువపరచడం చాలు. ఆ ధ్రువీకరణయే వారు అమ్మే అసలు సేవ.

పత్రం వ్రాయించి, సంస్థను రిజిస్టరు చేయించుకొన్న తరువాతనే రుణ దరఖాస్తు తీసుకొన్నాను. కంప్యూటర్లకు, తొలి నెలల నిర్వహణ వ్యయానికి ముద్రా పథకం క్రింద మూడు లక్షల రూపాయలు మంజూరయ్యాయి. డబ్బున్న భాగస్వామి కోసం వెదకిన యువకునికి ఆ మూడు లక్షలు బ్యాంకు ఇవ్వగలిగింది. మేస్త్రీ గారి ముప్పై ఏళ్ల అనుభవాన్ని గాని, ఆయన వదులుకొన్న పనులను గాని ఏ బ్యాంకూ ఇవ్వలేదు.

భాగస్వామిని వెదకేవారికి నా విన్నపం ఇదే. ఎదుటివాడు ఏమి తెస్తాడని మాత్రమే అడుగవద్దు. సంస్థ మేలు కోసం ఏమి వదులుకొనగలడో కూడా అడిగి, దానిని కాగితంపై పెట్టించండి. ఆ తరువాత బ్యాంకు తలుపు తట్టండి.