స్కోలియోసిస్ జన్యుమూలాలు: సహకార పరిశోధన, తెలుగు సముదాయాలు

కీలక పదాలు: వెన్నెముక వంకర, జన్యు వైవిధ్యం, అంతర్వివాహం, మేనరికం, సహకార పరిశోధన

1. ఉపోద్ఘాతం

వెన్నెముక పక్కకు వంగి, మెలి తిరిగే స్థితిని స్కోలియోసిస్ అంటారు. ఎక్స్-రేలో కొలిచే కాబ్ కోణం 10 డిగ్రీలు లేదా అంతకు మించి ఉంటే వ్యాధిగా నిర్ధారిస్తారు. ఎదిగే వయసులో స్పష్టమైన కారణం లేకుండా వచ్చే రకమే ఎక్కువ. ఇది నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తుంది. వంకర ముదిరే ప్రమాదం ఆడపిల్లల్లో అధికం. ఎముకలు ఎదుగుతున్న దశలోనే బెల్టు వంటి ఊతం మేలు చేస్తుంది. 2013లో వెలువడిన అమెరికా, కెనడా అధ్యయనంలో ఊతం ధరించినవారిలో 72 శాతం మందికి, ధరించనివారిలో 48 శాతం మందికి వంకర శస్త్రచికిత్స స్థాయికి చేరలేదు. కనుక ఎవరిలో ముదురుతుందో ముందుగా తెలియడం ముఖ్యం. జన్యు పరిశోధన లక్ష్యాల్లో అదొకటి.

2. సహకారం ఎందుకు?

2011లో జపాన్ పరిశోధకులు 1,376 మంది బాధిత స్త్రీలను, 11,297 మంది ఇతర స్త్రీలను పోల్చి, 10వ క్రోమోజోముపై ఎల్‌బీఎక్స్1 జన్యువు సమీపంలోని వైవిధ్యానికి వ్యాధితో సంబంధాన్ని గుర్తించారు. ఇలాంటి ఒక్కో వైవిధ్యం పెంచే ప్రమాదం స్వల్పం. దాన్ని పట్టుకోవాలంటే వేలమంది కావాలి. ఒక జాతిలో దొరికిన ఫలితం మరొక జాతిలోనూ నిలవాలి. అందుకే 2014లో పలు దేశాల సమాచారాన్ని కలిపి విశ్లేషించి ఎల్‌బీఎక్స్1 సంబంధాన్ని ధ్రువీకరించారు. 2013లో గుర్తించిన జీపీఆర్126 జన్యువు విషయంలోనూ జపాన్ ఫలితాన్ని చైనా, ఐరోపా సంతతి సమూహాల్లో సరిచూశారు.

పుట్టుకతో వచ్చే రకం వేరు. 2015లో చైనా పరిశోధకులు అందులో 11 శాతం వరకు టీబీఎక్స్6 జన్యువు కారణమని చూపారు. తల్లిదండ్రుల్లో ఒకరినుంచి పూర్తిగా పనిచేయని ప్రతి, మరొకరినుంచి బలహీనమైన ప్రతి వచ్చినప్పుడు వెన్నుపూసలు సరిగా ఏర్పడవు.

3. తెలుగు సముదాయాల స్థానం

2015లో పూర్తయిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. వారిలో 102 మంది బ్రిటన్‌లో నివసించే తెలుగువారు. అయితే ఆ ప్రాజెక్టు ఆరోగ్య వివరాలు సేకరించలేదు. జన్యుపటం ఉన్నా వెన్ను కొలత లేదు. కనుక ఆ సమాచారం తులనాత్మక ఆధారంగా పనికివస్తుందే తప్ప వ్యాధి కారణాన్ని చెప్పదు.

తెలుగు సమాజంలో అంతర్వివాహం, మేనరికం మరో కోణం. హైదరాబాదులోని సీసీఎంబీ, హార్వర్డ్ తదితర సంస్థల పరిశోధకులు 260కి పైగా దక్షిణాసియా సమూహాలను 2017లో విశ్లేషించారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన వైశ్య సముదాయాన్ని అందులో ఉదాహరించారు. మత్తు ఇచ్చేటప్పుడు వాడే కొన్ని కండర సడలింపు మందుల ప్రభావాన్ని పొడిగించే ఒక ఎంజైము లోపం వారిలో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు అధికం. ప్రొద్దుటూరు వంటి వర్తక పట్టణాల్లో ఈ సమాచారానికి తక్షణ ప్రయోజనం ఉంది: వెన్ను శస్త్రచికిత్సతో సహా ఏ శస్త్రచికిత్సకు ముందైనా మత్తు వైద్యుడు తెలుసుకోవలసిన అంశమిది.

ఈ రెండు మార్గాలను కలగాపులగం చేయరాదు. అంతర్గత లక్షణాలను వెతకడానికి మేనరికపు కుటుంబాలు కొద్దిగా ఉన్నా చాలవచ్చు. కౌమార స్కోలియోసిస్ వంటి బహుజన్యు వ్యాధికి మాత్రం వేలమంది కావాలి.

4. వేముల నుంచి ప్రయోగశాలకు

కాబట్టి సహకారం ప్రయోగశాలల మధ్యనే కాక, గ్రామంతోనూ ఏర్పడాలి. వేముల, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలల్లో పిల్లలను ముందుకు వంచి వీపు ఎత్తుపల్లాలను చూసే ఆడమ్స్ పరీక్షకు పరికరమేదీ అక్కరలేదు. అనుమానం ఉన్నవారికి ఎక్స్-రే, మూడు తరాల వంశవృక్షం, మేనరికపు వివరాలు, ఆపైన రక్తనమూనా అన్నది సరైన క్రమం. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి సంస్థలకు ఇలాంటి నమూనాలు చేరినప్పుడే జన్యుపటానికి వెన్ను కొలత తోడవుతుంది.

పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయంతో ఆడపిల్ల వంకరను దాచే కుటుంబాలకు గోప్యత హామీ లేనిదే సమ్మతి అడగడం న్యాయం కాదు. ఫలితాలకు కులముద్ర వేయకపోవడమూ అంతే అవసరం.

5. ముగింపు

వైవిధ్యం ప్రమాదాన్ని సూచిస్తుందే గాని విధిని నిర్ణయించదు. జపాన్‌లో మొదలైన ప్రశ్నకు తెలుగు నేలపై సమాధానం దొరకాలంటే జన్యువును, ఎక్స్-రేను, కుటుంబ చరిత్రను ఒకేచోట చదవాలి. అప్పటిదాకా పాఠశాలలో సకాలంలో చేసే ఒక్క పరీక్షే బిడ్డకు దక్కే మొదటి రక్షణ.