ముఖాముఖి పరీక్షయు, మన విద్యార్థులును

ఇంజనీరింగు కళాశాలలలో తుదిసంవత్సరము ప్రారంభమగుటయే తడవుగా వివిధ సంస్థల ప్రతినిధులు వచ్చి విద్యార్థుల నెన్నుకొనుట ఉభయ తెలుగు రాష్ట్రములందును పరిపాటియైనది. వ్రాతపరీక్ష, బృందచర్చ, విషయ పరీక్ష, తుదకు ముఖాముఖి సంభాషణము: ఈ మెట్లన్నియు దాటినవానికి ఉద్యోగము, దాటలేనివానికి నిరాశ. నాలుగేండ్ల చదువునకు అరగంటలో వెలకట్టబడుచున్నది. కుమారుని చదువునకై పొలము తాకట్టుపెట్టిన తండ్రికి ఆ యరగంట సామాన్యమైనది కాదు.

విద్యార్థులను ఇందుకు సిద్ధపరచుట కళాశాలల విధియే. కాని సిద్ధపరచు విధానము విచారింపదగియున్నది. తుది మాసములలో శిక్షణ తరగతులు పెట్టి, 'మిమ్ము గూర్చి చెప్పుడు' అను ప్రశ్నకు అందరిచేతను ఒకే జవాబును వల్లెవేయించుట పెక్కుచోట్ల కానవచ్చుచున్నది. ప్రతివాడును కష్టించువాడే, ప్రతివాడును శీఘ్రముగా నేర్చుకొనువాడే. పరీక్షకుడు ఇవన్నియు విని, 'మీ ప్రాజెక్టులో మీరు స్వయముగా చేసిన భాగమెయ్యది? ఆ పద్ధతినే యేల అవలంబించితిరి?' అని యడుగును. వెలయిచ్చి కొన్న ప్రాజెక్టును తనదిగా చూపినవానికి అచ్చట నోరు పెగలదు. ఉద్యోగమిచ్చువారు చూడగోరునది ఆ రెండవ ప్రశ్నకు వచ్చు జవాబునే.

కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను వారి నిబంధనలు ఈ సందర్భమున గమనింపదగినవి. సివిల్ సర్వీసుల పరీక్షలో మొత్తము 2025 మార్కులకుగాను 275 మార్కులు ముఖాముఖి పరీక్షకు కేటాయింపబడినవి. వ్రాతలో తేలిన పాండిత్యమును మరల కొలుచుట దాని యుద్దేశము కాదు. మెలకువ, తర్కబద్ధమైన విశదీకరణము, సమతూకముగల నిర్ణయము, నిజాయితీ మున్నగు గుణములను సహజ సంభాషణముచే గ్రహించుటయే దాని లక్ష్యము. ప్రధాన పరీక్షను తెలుగున వ్రాసినవారు ఇచ్చటను తెలుగుననే జవాబు చెప్పవచ్చును. ఆంగ్లోచ్చారణమే సామర్థ్యము కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కావున శిక్షణ రెండవ సంవత్సరముననే ప్రారంభము కావలెను. వారమున కొక్కసారియైనను ప్రతి విద్యార్థియు తాను చేసిన పనిని తోటివారి యెదుట పదినిమిషములు వివరింపవలెను. ముందు తెలుగున, పిమ్మట ఆంగ్లమున. ఉపాధ్యాయుడు 'ఏల' అని యడుగుచుండవలెను. దరఖాస్తులో వ్రాసిన ప్రతి పంక్తికిని విద్యార్థి బాధ్యుడు కావలెను. తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసికొను మార్గమును చెప్పగలుగుట యోగ్యతయేగాని లోపము కాదు.

పరీక్షకులకును విధి కలదు. పక్షపాతమునకు తావుండరాదనియే కేంద్రప్రభుత్వము 2016 జనవరి 1 నుండి చిన్న తరగతి ఉద్యోగములకు ముఖాముఖి పరీక్షలను రద్దుచేసినది. ఈ పరీక్షను ఉంచుకొనిన సంస్థలు అభ్యర్థులందరిని ఒకే ప్రశ్నలడిగి, ముందుగా నిర్ణయించిన ప్రమాణములతో మార్కు లిడుట న్యాయము. పల్లెనుండి వచ్చిన బాలుని బిడియమును అజ్ఞానముగా నెంచరాదు.

వల్లెవేసిన మాట అరగంట కూడ నిలువదు. చేసిన పని జీవితాంతము పలుకును. మన కళాశాలలు విద్యార్థులకు మాటలు నేర్పుటకు ముందు పని నేర్పుగాక!