వైద్యుడును రుసుమును

మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున నేడు వైద్యాలయములకు కొదువ లేదు. చేవెళ్లలో ప్రభుత్వ వైద్యశాల యున్నది. అచ్చటను, మొయినాబాదు చెంతనున్న యెన్కేపల్లిలోను వైద్యకళాశాలల ఆసుపత్రులున్నవి. బస్సెక్కినచో హైదరాబాదు దూరము గాదు. అయినను రోగి యింట మొదట వినవచ్చు మాట "ఎంత గుంజుతరో!" అనునదియే. ఈ శంకచేత జ్వరమును దాచుకొనువారును, గర్భిణిని కడపటి గడియవఱకు ఇంటనే యుంచువారును కలరు.

ఈ శంక నిరాధారమని నేను చెప్పజాలను. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి సుమారు 61 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినట్లున్నది. ప్రైవేటు ఆసుపత్రులలో ఆ సంఖ్య 81కి పైన, ప్రభుత్వ ఆసుపత్రులలో 44కు పైన. ఆసుపత్రి గుమ్మమును బట్టి తల్లుల శరీరములు మాఱవు గదా! అయితే ముహూర్తము చూచి కత్తిని కోరు కుటుంబములును కలవు గనుక నింద యంతయు వైద్యులదే కాదు. రుసుము తక్కువయని మనము నమ్ము గ్రామ ఆర్‌.ఎం.పి.యును, తాను పంపిన ఆసుపత్రినుండి కమీషను పుచ్చుకొనుట కద్దు.

పండ్రెండేండ్లు రక్తస్రావముతో కృశించిన స్త్రీ కథ విద్యార్థులందఱు ఎఱిగినదే. ఆమె తనకు కలిగినదంతయు అనేక వైద్యులకు వ్యయపఱచియు మఱింత సంకటపడెనని మార్కు వ్రాసెను. లూకా స్వయముగా వైద్యుడు. సంకటము హెచ్చెనను మాట నతడు విడిచెను. తన వృత్తివారిపై దాక్షిణ్యమేమో! అయినను ఎవ్వరివలనను ఆమెకు స్వస్థత కలుగలేదని దాచక వ్రాసెను. మంచి సమరయుని ఉపమానమును మనకు నిలిపినవాడును అతడే. ఆ సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, అధికముగా ఖర్చైనచో మరల వచ్చినపుడు తీర్తుననెను. పరిచర్యకు వెల యిచ్చుటను ప్రభువు తప్పుపట్టలేదు. గేహజీ సంగతి వేఱు. ఎలీషా వలదన్న కానుకకై అతడు నయమాను రథము వెంట పరుగెత్తి, అబద్ధమాడి, వెండిని తెచ్చి యింట దాచెను.

కావున వైద్యుడు సొమ్ము తీసికొనుటను బట్టి గాక, మననుండి దాచుటను బట్టి అతనిని పరీక్షింపవలెను. ఇందుకు చట్టము సాయమున్నది. భారత వైద్యమండలి 2002లో చేసిన నియమముల ప్రకారము, రోగిని పంపినందుకు కమీషను ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నిషిద్ధము. రుసుముల పట్టిక రోగులకు కనబడునట్లు ఉంచవలెను. రోగి కోరినచో చికిత్సా పత్రములను 72 గంటలలో ఇయ్యవలెను. ఆ పత్రములతో మఱొక వైద్యుని అభిప్రాయము పొందవచ్చును. "అయ్యా, ఈ పరీక్ష ఏల? ఇది చేయనిచో నేమగును?" అని వినయముగా నడిగినచో సత్యవంతుడైన వైద్యుడు కోపింపడు.

పాముకాటు, గుండెనొప్పి, కాన్పునొప్పి మాత్రము ఈ విచారణకు వ్యవధి నియ్యవు. 108కి ఫోను చేసినచో వచ్చు వాహనమునకు రుసుము లేదు. ప్రభుత్వ వైద్యశాలలో పాము విషమునకు విరుగుడు సూదియు ఉచితము. రాజీవ్ ఆరోగ్యశ్రీ క్రింద కుటుంబమునకు వర్తించు మొత్తమును 2023 డిసెంబరులో 5 లక్షలనుండి 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఆహారభద్రత కార్డును ఎచ్చట నుంచితిమో ఇంటిలోని పిల్లలకు కూడ తెలిసియుండవలెను.