అచ్చుకాని తొలి అక్షరము

పలాసలో జీడిపప్పు డబ్బాలపై ‘డబ్ల్యూ 240’ అను గుర్తు కనబడును. ‘డబ్ల్యూ’ అనగా తెల్లని గుండు పప్పు. ‘240’ అనగా పౌనుకు 220 మొదలు 240 వరకు గుండ్లు తూగునని అర్థము. ఈ గుర్తు పప్పులో భాగము కాదు. దానిని తినువారు లేరు. ఐనను దూరదేశపు వర్తకుడు డబ్బా మూత తీయకుండగనే సరకును పోల్చుకొనుట దాని వలననే. గుర్తు చెరిగిపోయినచో పప్పు రుచి మారదు గాని, దానితో ఏమి చేయవలెనో తెలియకపోవును.

గణకయంత్రములలో దాచిన వ్రాతలకును ఇట్టి గుర్తులే కలవు. వాటిలో ఒక జాతి గుర్తు డబ్బా పైన గాక, సరకులోనే మొదటి గింజగా కూర్చుండును. అదియే వరుస ముద్రణయంత్రమునకు, అనగా లైన్ ప్రింటరుకు, ఇచ్చు ఆజ్ఞ.

టైపు మిషను ఒక్కొక్క అక్షరమును కొట్టును. లైన్ ప్రింటరు వరుసను మొత్తముగా అచ్చువేయును. ఐ.బి.ఎం. సంస్థ 1959లో తన 1401 గణకయంత్రముతో పాటు వెలువరించిన 1403 యంత్రము ఈ జాతిలో పేరుమోసినది. అక్షరములు పొదిగిన గొలుసు కాగితమునకు ఎదురుగా అడ్డముగా పరుగిడుచుండును. వరుసలోని 132 గడులకు 132 చిన్న సుత్తులు ఉండును. కావలసిన అక్షరము తన గడికి ఎదురుగా వచ్చిన క్షణమున ఆ గడి సుత్తి కాగితమును వెనుకనుండి కొట్టును. ఇట్లు నిమిషమునకు 600 వరుసలు పడుచుండెను.

ఇంత వేగముతో అచ్చగు కాగితము వరుసకును వరుసకును నడుమ ఎంత జరుగవలెను? కొత్త పుట ఎక్కడ మొదలు కావలెను? ఇది తేల్చుటకై ప్రతి వరుస మొదటి గడిని అచ్చుకు గాక ఆజ్ఞకు కేటాయించిరి. ఆ గడి ఖాళీగా ఉన్నచో కాగితము ఒక వరుస జరుగును. సున్న ఉన్నచో రెండు వరుసలు, చిన్న అడ్డగీత ఉన్నచో మూడు వరుసలు. ‘1’ ఉన్నచో కొత్త పుట. కూడిక గుర్తు ఉన్నచో కాగితము కదలదు. ముందు పడిన వరుస మీదనే మరల అచ్చు పడును. శీర్షికల క్రింద గీత గీయుటకును, అక్షరములను ముదురుగా చూపుటకును ఈ చివరి ఉపాయము పనికివచ్చెను.

కొత్త పుటకు ‘1’ అంకెయే ఏల? కాగితమును నడుపు భాగములో చిల్లులు పొడిచిన ఒక పట్టీ, చుట్టగా తిరుగుచుండెడిది. దానిలో 12 బాటలుండెను. పుట మొదటి వరుసకు సరిపోవు చిల్లును ఒకటవ బాటలో పొడుచుట ఆచారము. కావున ‘1’ అనగా ‘ఒకటవ బాటలోని చిల్లు వచ్చువరకు నడువుము’ అని. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాష ఈ సంకేతములను ప్రపంచమంతట వ్యాపింపజేసెను.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. మొదటి అక్షరము ఆజ్ఞయా, విషయమా అన్నది ఆ అక్షరమును చూచి తెలియదు. ఫైలులోని రికార్డుల స్వరూపమును తెలుపు వివరము వేరుగా ఉండవలెను. ఐ.బి.ఎం. పెద్ద యంత్రములలో ‘ఎఫ్’ అనగా రికార్డులన్నియు ఒకే పొడవు. ‘వి’ అనగా పొడవు మారుచుండును, ప్రతి రికార్డునకు ముందు దాని పొడవు వ్రాసియుండును. ‘బి’ అనగా అనేక రికార్డులను ఒక మూటగా కట్టిరని. వీటి చివర ‘ఎ’ చేరినచో తొలి అక్షరము ఆజ్ఞ అని అర్థము. అట్టి ఫైలులో రికార్డు పొడవు సాధారణముగా 133: అచ్చునకు 132, ఆజ్ఞకు ఒకటి.

ఉండవలసిన ‘ఎ’ లేకపోయినచో ఆజ్ఞలన్నియు అంకెలై కాగితము అంచున అచ్చగును. పుటలు ఒకదానిలో ఒకటి కలిసిపోవును. ఇది చూడగనే పట్టుబడు తప్పు. ఉండరాని ‘ఎ’ చేరినచో అపాయము హెచ్చు. యంత్రము ప్రతి వరుస తొలి అక్షరమును ఆజ్ఞగా భావించి మ్రింగివేయును. ఉదాహరణకు ఉద్దానపు ఊళ్ల పట్టికను తెలుగున అట్లు అచ్చువేసినట్లు ఊహింపవచ్చును: పలాస ‘లాస’ యగును, కవిటి ‘విటి’ యగును, మందస ‘దస’ యగును. వరుసలు 10 నుండి 19 వరకు క్రమసంఖ్యలతో మొదలైనచో పది వరుసలకు పది పుటలు వెళ్లిపోవును; పైగా పది సున్నయై, పందొమ్మిది తొమ్మిదియై మిగులును. పుటలు వృథాయైనచో ఎవరైనను గమనింతురు. సంఖ్య మారిన సంగతి గమనించువారు అరుదు.

భారతీయ రైల్వేలు గణకయంత్రముతో రిజర్వేషనును 1985లో న్యూఢిల్లీలో ఆరంభించినవి. మరుసటి ఏట రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా ‘క్రిస్’, ఏర్పడెను. నగరములలోని రిజర్వేషను యంత్రములను ఒకదానితో ఒకటి కలుపుటకు ఆ సంస్థ రూపొందించిన ‘కాన్సర్ట్’ 1994లో సికింద్రాబాదులో తొలుత అమలయ్యెను. అది సీ, ఫోర్ట్రాన్ భాషలలో వ్రాయబడి, వీ.ఎం.ఎస్. అను నిర్వహణ వ్యవస్థపై నడచినది. వీ.ఎం.ఎస్. పద్ధతిలో ప్రతి ఫైలుకును ఒక తలకట్టు ఉండును. రికార్డుల పొడవు స్థిరమా, మారునదా అన్నదియు, తొలి అక్షరమును ఫోర్ట్రాన్ ఆజ్ఞగా గ్రహింపవలెనా, లేక ప్రతి రికార్డును మామూలు వరుసగా జరుపవలెనా అన్నదియు అందులోనే వ్రాసియుండును. డబ్బాపై గుర్తు వంటిదే ఆ తలకట్టు.

వరుసలు, గడులు, పుటలు అను ఈ లెక్క సామాన్యునికి ఏమి సంబంధమని అనుకొనరాదు. అంచుల వెంట చిల్లులు గల కాగితముపై అచ్చయిన రిజర్వేషను పట్టిక రైలుపెట్టెకు అంటియుండగా, తన పేరుకై వ్రేలితో తడవికొనుట హౌరా–చెన్నై మార్గములోని స్టేషన్లన్నిటను ఏండ్ల తరబడి సాగిన దృశ్యమే. ఉద్దానము నుండి పనికై దూరపు నగరములకు పోవువారును, మూత్రపిండముల వ్యాధితో వైద్యమునకై ప్రయాణము చేయువారును వారిలో ఉండిరి. పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి ప్రారంభమైనది 2023 డిసెంబరు 14న మాత్రమే. అట్టి ప్రయాణికునకు పట్టికలోని ఒక్క వరుస, బండిలో ఒక్క పడక. 2018 మార్చి 1 నుండి పెద్ద స్టేషన్లలో పెట్టెలకు పట్టికలు అంటించుటను రైల్వేవారు ప్రయోగాత్మకముగా మానిరి. పేరు కాగితము నుండి చేతి ఫోనులోనికి మారెను.

2003 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణము సైతము తొలి అక్షరపు ఆజ్ఞను తన నియమములలో నుండి తొలగించెను. ఐనను ఆ కాలపు ఫైళ్లు మాసిపోలేదు. వాటిని కొత్త యంత్రములకు ఎత్తునపుడే అసలు ప్రమాదము. యూనిక్స్ వంటి పద్ధతులలో ఫైలు వరుసగా సాగు అక్షరముల ప్రవాహము మాత్రమే. రికార్డుల స్వరూపమును తెలుపు తలకట్టు దానికి లేదు. అక్షరములన్నియు క్షేమముగా చేరును, తలకట్టు మాత్రము దారిలో రాలిపోవును. పాత ఆజ్ఞలను కొత్త యంత్రమునకు అర్థమగునట్లు మార్చు ‘ఎ.ఎస్.ఎ.’ అను సాధనము యూనిక్సులో ఉన్నది. కాని అది తనంతట తాను పూనుకొనదు. ఫైలులో ఆజ్ఞలు ఉన్నవని మనుష్యుడు చెప్పవలెను.

కావున పాత పట్టికలను భద్రపరచువారు మూడు సంగతులు ఫైలు ప్రక్కన వ్రాసియుంచుట మేలు: రికార్డు పొడవు ఎంత, అది స్థిరమా, మారునదా, తొలి అక్షరము ఆజ్ఞయా, విషయమా. ఈ మూడు మాటలకు పట్టు చోటు అత్యల్పము. అవి ఉన్నచో ఎన్ని యంత్రములు మారినను కవిటి కవిటిగానే అచ్చగును.